నీళ్ళుపోసే వరదమ్మ

ఐరాలలో ఏ ఇంట బిడ్డ పుట్టినా నీళ్ళు పోయడానికి వరదమ్మ రావాల్సిందే. కాళ్ళు చాపుకొని, బిడ్డను వాటి మీద బోర్లా వేసుకొని, సున్నిపిండితో రుద్ది వేడినీళ్ళు పోస్తే ఎంత ఏడ్చే బిడ్డయినా సాయంత్రందాకా కళ్ళు తెరిచేది కాదు. అంతకుముందు నూనె పట్టించి, చాటలో పండబెట్టి కాసేపు ఎండ చూపించేది. ఎముక గట్టిపడుతుందని నమ్మకం.

మునిలక్ష్మికీ అంతే చేసింది. ఆ పిల్ల కొడుకు వైపు నుంచి ఆమెకు మనవరాలు, కూతురు వైపు నుంచి మునిమనవరాలు. ఎందుకంటే వరదమ్మ తన కొడుకు దేవరాజులుకు కూతురు కుప్పమ్మ పెద్దబిడ్డ చెంగమ్మనే తెచ్చుకుంది. చెంగమ్మ బడి మాననంది, మామను చేసుకోనంది, అన్నం మానేసింది. వరదమ్మ దాని చెయ్యి తన తలమీద పెట్టించుకొని ఒప్పించింది.

చాటలో పెట్టిన కాసేపటికే మునిలక్ష్మి కందిపోయేది. నడక వచ్చేసరికి మొహం నిండా ఆవాలు చల్లినట్టు మచ్చలు. వరదమ్మ ఇంకొంచెం నూనె పట్టించింది. బడికి పోయే వయసులో ముక్కు పక్కన ఒక మచ్చ పుండయింది. తిరుపతి ఆసుపత్రిలో కోసి తీశారు. మళ్ళీ ఎండాకాలం వచ్చేలోపే చెవి కింద గడ్డ తేలింది.

"ఎండ తగిలితే ఎవరి చర్మమైనా లోపల దెబ్బతింటుంది," అని చెప్పింది డాక్టరమ్మ. "ఆ దెబ్బను బాగుచేసే జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. ఈ పాపకు రెండూ చెడినవే వచ్చాయి. బాగుచేసే దిక్కు లేక ఆ కణాలు క్యాన్సరయ్యి పాకుతున్నాయి."

"వాళ్ళమ్మా నాయినా రాళ్ళ మాదిరి ఉండారు గదా తల్లీ," అంది వరదమ్మ.

"వాళ్ళకు ఒకటి చెడినా ఇంకొకటి మంచిది ఉంది, అది కాపాడుతోంది. ఇద్దరూ మీ ఇంటివాళ్ళే కాబట్టి ఆ చెడింది ఇద్దరికీ ఒక్కచోటి నుంచే వచ్చి ఉంటుంది. నువ్వో, మీ ఆయనో."

"నేను చాటలో ఎండకు పెట్టినాను."

డాక్టరమ్మ తల వంచుకొని, "నీకు తెలియదు కదా," అంది. కాదని మాత్రం అనలేదు.

ఐరాల బస్సులో పిల్లను కొంగు కింద దాచుకొని కూర్చుంది వరదమ్మ. చిన్నకొడుకు చిన్నబ్బకు కుప్పమ్మ రెండో కూతురితో వచ్చే శుక్రవారం తాంబూలాలు పెట్టుకొని ఉన్నారు. ఆ బిడ్డ పుట్టినప్పుడు నీళ్ళు పోస్తూ, 'ఇది నా చిన్నబ్బ పెండ్లాం' అన్నది కూడా తనే.

శుక్రవారం కుప్పమ్మ పూలూ పండ్లూ పట్టుకొని వచ్చింది. వరదమ్మ ఆ తట్ట ముట్టుకోలేదు.

"ఈ పెండ్లి వొద్దు కుప్పమ్మా."

"ఏం, నా బిడ్డ నలుపనా? లేకుంటే నీ చిన్నకొడుక్కి కలెక్టరు కూతురేమన్నా దొరికిందా?"

"మన రక్తంలోనే ఉండాదంట. మళ్ళీ మనలో మనమే కలుపుకుంటే మళ్ళీ వచ్చినా వస్తాదంట. డాక్టరమ్మ చెప్పింది."

"పెద్దదాన్ని తీసుకొనేటప్పుడు లేని రక్తం చిన్నదానికాడ వచ్చిందా? నా బిడ్డకు రోగముందని ఊరంతా సాటించు. రేపు దాన్ని ఎవురు సేసుకుంటారు?"

"నీ బిడ్డది కాదు, నాది. నానుంచే వచ్చింది. ఎవురడిగినా నా పేరే చెప్పు."

తనదో, చచ్చిపోయిన మొగుడిదో ఆమెకు తెలియదు. లేనివాడి మీద వెయ్యబుద్ధి కాలేదు.

కుప్పమ్మ తట్ట ఎత్తుకుంది. "నేను చచ్చిన రోజు గూడా నీ కొడుకుల్ని నా గడప తొక్కనీబాకు," అని, మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయింది.

లోపలి గడప దగ్గర చెంగమ్మ నిలబడి అంతా వింటూ ఉంది. తల్లిని ఆపలేదు.

"అవ్వా, నేను వొద్దని ఏడిస్తే ఇనలేదు. డాక్టరమ్మ చెప్తే ఇన్నావు."

మెల్లగానే అంది.

వాకిలి దాటిన ఎండ గోడవారన ఆడుకుంటున్న మునిలక్ష్మి కాళ్ళ దగ్గరికి వచ్చింది. పిల్లను ఎత్తుకోవడానికి వరదమ్మ చేతులు చాపింది. ఆమెకంటే ముందే చెంగమ్మ ఎత్తుకొని, లోపలికి పోయి తలుపు వేసుకుంది.

ఆ ఎండలోనే కూర్చుండిపోయింది వరదమ్మ.