సిస్టరమ్మ, ఐదు పూటల గోలీలు

సిస్టరమ్మ పోయారని సోమవారం పొద్దున పాలాయన చెప్పాడు. పాకెట్లు నా చేతిలో పెడుతూ, "మీ ఎనక గల్లీ సిస్టరమ్మ పోయిందట, నిద్రలనే" అన్నాడు. పొయ్యి మీద ఎసరు పొంగిపోయేదాకా అలాగే నిలబడ్డాను. నాచారంలో ఆమె గురించి చెప్పగలిగినవాళ్లు చాలామందే ఉన్నారు. సగం కాలనీ పిల్లలకు సూది వేసిన చెయ్యి అది. నాకు తెలిసింది ముఖ్యంగా ఒక్క వారం సంగతి. ఆ వారం లేకపోతే నాకిప్పుడు ఒక కన్నే ఉండేదేమో.

ఆమె ఫ్యాక్టరీ కార్మికుల దవాఖానాలో నర్సు. జనగామ వైపు పల్లె నుంచి వచ్చి, చర్చి పక్కన రెండు గదుల ఇంట్లో ఒంటరిగా ఉండేవారు. ఎవరింటికి వెళ్లినా ముందు చేతులు కడుక్కునేవారు, అదీ సంచిలోంచి తీసిన సొంత సబ్బుతో. మా సబ్బు మీద నమ్మకం లేదేమోనని మొదట్లో నాకు ఒళ్లు మండేది. కోపం నాకు కొంచెం ఎక్కువే.

అప్పటికి నాకు ముప్పై దాటాయి. ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేదాన్ని. ఒకరోజు నుదుటికి కుడివైపు మంట మొదలైంది. తెల్లారేసరికి కనుబొమ్మ మీద నీటి పొక్కులు. "సర్పి లేసింది" అంది మా అత్తమ్మ. మా వైపు సర్పికి జాజు పూస్తారు, అరుగులకు పూసే ఆ ఎర్రమట్టే. పూయించుకున్నవాళ్లు మూడు రోజులు ముఖం కడగకూడదు, గడప దాటకూడదు, దవాఖానా పేరెత్తకూడదు. నేనూ బుద్ధిగా కూర్చున్నాను.

రెండో రోజు సిస్టరమ్మ తన జాకెట్టు కోసం వచ్చారు. నా గడ్డం పట్టుకుని ముఖం వెలుతురులోకి తిప్పారు. ముక్కు కొస మీద కొత్తగా లేచిన చిన్న పొక్కు చూసి ఆమె ముఖం మారిపోయింది.

"ముక్కు మీదికొచ్చిందంటే కంట్లకు పోయేటట్టున్నది బిడ్డ. జాజు ఆరేదాంక కూసుంటే కన్ను పోతది. నడువు."

"మూడొద్దులు కానియ్యి సిస్టరమ్మా," అంది అత్తమ్మ.

"మందు షురూ జేసేది గా మూడొద్దుల్లనే పెద్దమ్మా. అవి దాటితే మందు గూడ అంతగ పని జెయ్యదు."

జాజు కడిగించి, నన్ను ఉప్పల్ బస్సెక్కించారు. కళ్ల డాక్టరు చూసి కంటికి ఆయింట్‌మెంటు, మింగడానికి ఎసైక్లోవిర్ మాత్రలు రాశారు. రోజుకు ఐదుసార్లు, ఏడు రోజులు. ఆ మాత్ర అప్పట్లో అన్ని షాపుల్లో దొరికేది కాదు. నన్ను ఇంట్లో దింపి, ఆమె కోఠి దాకా వెళ్లి తెచ్చారు.

ఐదుసార్లంటే ఎప్పుడెప్పుడో నాకు తెలియలేదు. "పొద్దుగాల ఆరుకు, మధ్యానం రెండుకు, రాత్రి పదికి ఫ్యాక్టరీ సైరన్ మోగుతది గదా, అప్పుడొక్కొక్కటి. నడుమ పొద్దున పదికి, సాయంత్రం ఆరుకు నేనొస్త," అన్నారు. డ్యూటీలోంచి పది నిమిషాలు అడిగి మరీ వచ్చేవారు. ఆ మందుకు నీళ్లు బాగా తాగాలట. నేను చెంబు ఖాళీ చేస్తేగాని కదిలేవారు కాదు.

నాలుగో రోజుకు పొక్కులు ఎండడం మొదలైంది. "ఇగ సాలు, గోలీలు వేడి జేస్తయి" అంది అత్తమ్మ. నాకూ విసుగొచ్చి ఆ రాత్రిది ఒకటి, మర్నాడు పొద్దుటిది ఒకటి మానేశాను. పదింటికి సిస్టరమ్మ వచ్చి మాత్రల అట్ట చూశారు. తిట్టలేదు. చేతులు కడుక్కుని నా ఎదురుగా కూర్చున్నారు.

"చిన్నప్పుడు నీకు అమ్మవారు పోసింది గదా. గప్పటి పురుగే ఇది. ఇన్నేండ్లు నీ నరంల పండుకొని ఇప్పుడు లేసింది. ఈ గోలి దాన్ని చంపదు బిడ్డ. ఒకటి పది గాకుంట, పది నూరు గాకుంట ఆపుతది. నువ్వు గోలి ఆపితే అది మల్ల షురూ జేస్తది. కన్ను నీది, జర సూస్కో."

తర్వాత అత్తమ్మ వైపు తిరిగారు. "వేడి జేస్తే సల్ల తాపు పెద్దమ్మా. జాజు గడపకు పుయ్యి, ముఖానికొద్దు, కంట్ల పడ్తది." అత్తమ్మ మాటా నిలబడింది, నా మాత్రా మొదలైంది. ఆ సాయంత్రానికి మా గడప పెళ్లివారింటి గడపలా ఎర్రగా ఉంది.

ఏడు రోజులూ పూర్తి చేశాను. నెల తర్వాత డాక్టరు కంట్లోకి లైటు వేసి చూసి, నల్లగుడ్డు మీద మచ్చ లేదన్నారు. నుదురు మాత్రం ఇప్పటికీ చలికాలంలో జివ్వుమంటుంది. ఆ మాట చెబితే, "అది సావలే, పండుకున్నది. ఫికర్ జెయ్యకు, నువ్వు గూడ కడుపునిండ తిని జర పండుకో" అనేవారు. ఆమెకు నేను ఎప్పుడూ సరిగ్గా కృతజ్ఞత చెప్పలేదు. ఆ జాకెట్టు కుట్టిచ్చాను, అదీ ఆలస్యంగా. ఇప్పుడు అది గుర్తొస్తే సిగ్గుగా ఉంది, బాధగా ఉంది.

మంగళవారం చర్చిలో పెట్టె మూత తెరిచి ఉంచారు. వరుసలో నా వంతు వచ్చింది. తెల్లచీర, ఛాతీ మీద కలిపిన చేతులు. నాకేమనిపించిందో, అరచేత్తో ఎడమకన్ను మూసుకుని కుడికంటితో మాత్రమే ఆమెను చూశాను. వెనకవాళ్లు జరగమన్నా జరగలేదు. ఆమె కనురెప్ప మీద, ఇన్నేళ్లూ నేను గమనించని ఆవగింజంత పుట్టుమచ్చ ఒకటి స్పష్టంగా కనిపించింది.