రెండు బంతుల్లో తిన్న రోజు

మధ్యాహ్నం పన్నెండూ ఇరవైకి మొదటి బంతికి విస్తళ్ళు వేశారు. ఈ వేళ నాకు గుర్తుండి రాస్తున్నది కాదు. మా వారి నోటుపుస్తకంలో ఆ పేజీ పైన ఆయన చేత్తో రాసి ఉంది. దాని కింద వరుసగా చిన్న చిన్న సున్నాలు గీశారు. ఒక్కో సున్నా ఒక విస్తరి. పక్కన అక్కడ కూర్చున్న మనిషి ఎవరో రాశారు: పెళ్ళికొడుకు మేనమామ, బడి మాస్టారు, సంఘపెద్ద. ఒక్క సున్నా పక్కన మాత్రం ఏమీ లేదు. అది ఆయన కూర్చోవలసిన చోటు.

ఆయన పోయి ఏడాది దాటింది. జ్ఞాపకార్థ కూటంలో చాలామంది ఆయన్ని మహాపండితుడన్నారు. ఆయనకు ఆ మాట నచ్చేది కాదు. అందుకని ఒక పెళ్ళి భోజనం గురించి రాస్తాను. ఆయన బైబిలు ఎలా చదివేవారో అందులో తెలుస్తుంది.

ఎనభైల్లో మేము నల్లపాడులో ఉండేవాళ్ళం. పల్లెల్లో సంఘాలు నడపబోయే పాస్టర్లకు శిక్షణనిచ్చే ఒక చిన్న పాఠశాలలో ఆయన బైబిలు చెప్పేవారు. నేను ఎలిమెంటరీ స్కూల్లో టీచర్ని. ఆ రోజుల్లో ఆయన చేతికి కొన్ని కొత్త రకం పుస్తకాలు వచ్చాయి. బైబిల్లోని మనుషులు దేన్ని పరువు అనుకున్నారు, ఎవరు ఎవరి ఇంట్లో తినేవారు, ఎవరి దయ మీద ఎవరు బతికేవారు, తొలి క్రైస్తవ సంఘాల్లో ఇల్లుగలవాడూ కూలివాడూ ఒకచోట కూర్చుంటే ఏం జరిగేది అని సామాజిక శాస్త్రాల సాయంతో ఆరా తీసే పుస్తకాలు అవి. ఆయన ఒక్కోదాన్ని రెండుసార్లు చదివారు. చదివి నాతో అన్నారు: "వీళ్ళు ఇంత కష్టపడి కనుక్కున్నది మా అమ్మకు తెలుసు. అది బైబిలు చదవడానికి పనికొస్తుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే."

తోటి ఉపాధ్యాయుల్లో కొందరికి ఇది మింగుడుపడలేదు. "ఏమండీ, మీరు చెప్పేది దేవుని వాక్యమా, జనాభా లెక్కలా?" అని ఒకాయన అందరి ముందూ అడిగాడు. "యేసు పుట్టింది జనాభా లెక్కల ప్రయాణంలోనే కదండీ" అన్నారు మా వారు. అడిగినాయన కూడా నవ్వేశాడు.

సెలవు రోజుల్లో నేను వెళ్ళి వెనక బెంచీలో కూర్చుని ఆయన పాఠం వినేదాన్ని. ఒకరోజు యేసు చెప్పిన, విందుకు రాని అతిథుల కథ వచ్చింది. ముందే పిలిచినవాళ్ళకు, విందు సిద్ధమయ్యాక మళ్ళీ మనిషిని పంపి కబురు చేస్తాడు ఇంటాయన. రెండుసార్లు ఎందుకని మా వారు అడిగారు. వినుకొండ వైపు నుంచి వచ్చిన ఒక విద్యార్థి లేచాడు.

"దాంట్లో ఏముంది సార్? మా ఊళ్ళో అంతే. ముందు పిలుపులు వేరు, వంట దిగినాక మనిషిని పంపటం వేరు. రెండో పిలుపుకు కూడా రాలేదంటే వాడికి ఆకలి లేక కాదు. తెగదెంపులు చేసుకున్నట్టే."

"ఇంకోటి సార్," అన్నాడు పక్కనున్నవాడు. "ఎడ్లు కొన్నాను, చూసుకోవాలి, రాలేను అంటాడు చూడండి ఒకడు. చూడకుండా ఎడ్లు కొనే రైతు ఎక్కడన్నా ఉంటాడా? మొహాన కొట్టినట్టు అబద్ధం చెప్పటం అది."

మా వారు చాక్‌పీసు బల్ల మీద పెట్టేశారు. "ఇరవై ఏళ్ళుగా ఈ కథ చెబుతున్నాను. ఎడ్ల సంగతి నాకు తట్టలేదురా" అన్నారు. ఇంటికి వచ్చాక కూడా అదే మాట. సిగ్గుపడుతూ కాదు, సంతోషంగా.

అప్పటినుంచి ఏ పెళ్ళికి వెళ్ళినా నోటుపుస్తకం వెంట ఉండేది. మొదటి బంతిలో మగపెళ్ళివారు, అయ్యగార్లని పిలిచే పాస్టర్లు, మాస్టర్లు. చివరి బంతిలో వంటవాళ్ళు, డప్పుల వాళ్ళు, గిన్నెలు తోమినవాళ్ళు, అందరికంటే చివర పిల్ల తండ్రి. అప్పటికి కూరలో ముక్కలు అయిపోయి ఎముకలూ పులుసూ మిగిలేవి. ఇవన్నీ ఆయన మొదటి బంతిలో తిని లేచాక, పందిరి గుంజ పక్కన నిలబడి రాసుకునేవారు.

"మొదటి బంతిలో తిని చివరి బంతి గురించి ఏం రాస్తారు?" అన్నాను ఒకసారి. వేళాకోళానికే అన్నాను. ఆయన దాన్ని మనసులో పెట్టుకున్నారు.

ఆ తర్వాత వచ్చిన పెళ్ళే ఇది. నరసరావుపేట దాటాక ఒక పల్లె. పిల్ల తండ్రి మిరప తోటల్లో కూలికి వెళ్ళే మనిషి. ఆయనకు ఒక్కతే కూతురు. పాస్టరుగా పెళ్ళి జరిపించింది మా వారే. మిరపకాయలు ఆరబోసిన కల్లం ఊడ్చి పందిరి వేశారు. ఎంత ఊడ్చినా ఘాటు పోలేదు. ప్రార్థన మధ్యలో కూడా జనం తుమ్ముతున్నారు.

మొదటి బంతికి పిలుపు వచ్చింది. మా వారు లేవలేదు. "నేను చివర్లో తింటాను" అని చెప్పి, వెళ్ళి డప్పుల వాళ్ళ పక్కన చాప మీద కూర్చున్నారు. విందుకు వెళితే కింది చోట కూర్చోమని యేసు చెప్పిన అధ్యాయాన్ని ఆ వారమే పాఠం చెప్పారు.

పందిరి అవతల ఆడవాళ్ళ బంతిలో నేను కూర్చున్నాను. విస్తట్లో అన్నం పడింది కానీ ఎవరూ చెయ్యి పెట్టడం లేదు. మగవాళ్ళ వైపు నుంచి పెళ్ళికొడుకు మేనమామ గొంతు వినిపించింది.

"అయ్యగారు ఎందుకు లేవలా? పెళ్ళి చేసినాయనే తినకపోతే మేమెట్టా తింటాం?"

"ఏం చూశాడో ఏమో" అన్నారెవరో.

నా పక్కన కూర్చున్న పెళ్ళికొడుకు తల్లి నా చెయ్యి పట్టుకుంది. "అమ్మగారూ, దాచకుండా చెప్పండి. పిల్లలో ఏమన్నా లోపం ఉందా? అయ్యగారికి ఏమన్నా తెలిసిందా?"

పెళ్ళికూతురు మూడు విస్తళ్ళ అవతల ఉంది. ఆ మాట విన్నది. తల ఎత్తలేదు.

నేను లేచి ఆయన దగ్గరికి వెళ్ళాను. అంతమంది మగవాళ్ళ మధ్యలోకి అలా వెళ్ళడం నాకు అదే మొదటిసారి. "ఏవండీ, మీరు అలిగారనుకుంటున్నారు. పిల్లలో లోపం ఉందేమోనని అడుగుతున్నారు" అన్నాను. ఆయన మొహం పాలిపోయింది.

అప్పటికే పిల్ల తండ్రి పరుగున వచ్చాడు. భుజం మీది కండువా చేతిలో ఉంది. "అయ్యగారూ, ఏం తప్పు జరిగింది? కాళ్ళు పట్టుకుంటాను, నా పిల్ల పెళ్ళి."

మా వారు వెంటనే లేచారు. సంజాయిషీ చెప్పబోలేదు. "నువ్వు పిలిస్తే వద్దామని కూర్చున్నాను, అన్నా. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళు" అన్నారు, అందరికీ వినపడేలా. ఆ కూలిమనిషి ఆయన చెయ్యి పట్టుకుని, పందిరంతా చూస్తుండగా నడిపించుకు వెళ్ళి, మొదటి విస్తరి ముందు కూర్చోబెట్టాడు. మా వారు తిన్నారు. మేనమామ తిన్నాడు. ఆడవాళ్ళ వైపు మాటలు మళ్ళీ మొదలయ్యాయి. పెళ్ళికొడుకు తల్లి లేచి వెళ్ళి, కోడలి విస్తట్లో తన చేత్తో కూర వేసింది.

రెండున్నరకు చివరి బంతి వేశారు. మా వారు మళ్ళీ వచ్చి పిల్ల తండ్రి పక్కన కూర్చున్నారు.

"ఏం అయ్యగారూ, ఆ బంతిలో మీకు సరిగా పెట్టలేదా?" అన్నాడు డప్పు కొట్టే పెద్దాయన.

"పెట్టారు. ఇక్కడి పులుసు బాగుంటుందని విన్నాను."

"ఎముకలు కూడా బాగుంటాయండీ, పళ్ళుంటే" అన్నాడు, నోరు తెరిచి చూపిస్తూ. ఆయనకు రెండే పళ్ళున్నాయి. పిల్ల తండ్రి ఆ రోజంతటిలో అప్పుడే నవ్వడం చూశాను.

ఆ పేజీ చివర మా వారు ఇలా రాసుకున్నారు: "తప్పు నాది. కింద కూర్చోమన్నంత వరకే చదివాను. పైకి రమ్మని పిలిచే ఇంటాయన కూడా యేసు మాటల్లో ఉన్నాడు. ఎక్కడ కూర్చోబెట్టాలో నిర్ణయించే హక్కు అతనిది. నేను దాన్ని లాక్కున్నాను. ఒక ఆడపిల్ల బతుకు మీదికి తెచ్చాను."

ప్రతి ఏడాదీ కొత్త విద్యార్థులకు ఆ అధ్యాయం చెప్పేటప్పుడు ఈ పేజీ చదివి వినిపించేవారు. నేను చాలా పుస్తకాలు చదివాను. తను చేసిన తప్పునే పాఠంగా చెప్పిన గురువుగా ఆయన్నే చూశాను. తర్వాత ఏ పెళ్ళికి వెళ్ళినా, పిలవగానే వెళ్ళి మొదటి బంతిలో రెండు ముద్దలు తినేవారు. చివరి బంతిలో ఇంటాయనతో కలిసి కడుపునిండా తినేవారు. ఆయన దగ్గర చదువుకున్న పాస్టర్లు కూడా తమ ఊళ్ళలో అలాగే చేశారు.

జ్ఞాపకార్థ కూటం రోజున భోజనాలు పెట్టాం. బల్లల మీద గిన్నెలు, పక్కన పేర్చిన పళ్ళేలు. ఎవరికి కావలసింది వాళ్ళు వడ్డించుకున్నారు. ఆ పెళ్ళికూతురు భర్తతో కలిసి వచ్చింది. జుట్టు నెరిసింది. అందరూ తింటున్నా ఆమె ఖాళీ పళ్ళెం పట్టుకుని గోడ పక్కన నిలబడి ఉంది.

"తినలేదేమ్మా?"

"మీరు తినేటప్పుడు తింటాలెండి అమ్మగారూ. ఇంటివాళ్ళతో."

మూడు గంటలకు మేమిద్దరం మెట్ల మీద కూర్చుని తిన్నాం.

మా వైపు పెళ్ళిళ్ళలో ఇప్పుడు బంతులు వేయడం లేదు. వంట దిగాక రెండోసారి పిలవడానికి మనిషిని పంపడం లేదు. రెండుసార్లు ఎందుకని పాఠంలో అడిగితే, లేచి చెప్పే విద్యార్థి ఇప్పుడు ఉంటాడో లేడో.