రతీబా ఒంటరిగా ట్రామ్ ఎక్కిన రోజు

ఈజిప్టులోని మహల్లా ఊరి బట్టల మిల్లులో బయ్యూమీ ముప్ఫైనాలుగేళ్లు మగ్గాలు బాగుచేశాడు. రిటైరైన రెండు వారాల్లోనే ఇంట్లో తలుపుల గడియలన్నీ విప్పి మళ్లీ బిగించాడు. బాగున్న కుళాయిని బాగుచేసి కారేలా చేశాడు. అతని భార్య రతీబాకి ఓపిక నశించింది.

"పెళ్లైన కొత్తలో అలెగ్జాండ్రియా చూపిస్తానన్నావు. ఇప్పుడైనా చూపిస్తావా, లేక కిటికీలు కూడా ఊడదీస్తావా?" అని నిలదీసింది.

అలా బయలుదేరారు. రైల్లో అతను సీట్లో కూర్చున్నది తక్కువ, తలుపు దగ్గర నిలబడింది ఎక్కువ. సముద్రపు కోటలో పది నిమిషాలు తిరిగాడో లేదో, "చూశాంగా, పద" అన్నాడు. రతీబా అప్పటికింకా మెట్లెక్కిన ఆయాసం తీర్చుకుంటోంది. రాతి కిటికీలోంచి అలల్ని చూద్దామనుకునేలోపే అతను కిందికి దిగిపోయాడు.

కోట దాటగానే పడవలు కట్టే చోటు. అక్కడ ఖమీస్ అనే పడవ యజమాని, ఒడ్డుకు పడవల్ని లాగే తాడుచక్రం ఇరుక్కుపోవడంతో తిట్లు లంకించుకున్నాడు. బయ్యూమీ కాళ్లు ఆగిపోయాయి.

"పళ్లచక్రం అరిగింది. పక్కకి జరుగు" అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

"నువ్వెవరు మావా?"

"మగ్గాల మెకానిక్‌ని."

"ఇది మగ్గమా?"

"తిరిగేది ఏదైనా నాకు ఒకటే."

చొక్కా చేతులు మడిచాడు. రతీబా బోర్లించిన చేపల పెట్టె మీద కూర్చుంది. గంట గడిచింది. ఖమీస్ టీ ఇప్పించాడు. రెండో గంట కూడా గడిచింది.

"ఏమయ్యా, వెళ్దామా?"

"ఆఁ."

"నేను సమాధులు చూడాలి."

"ఆఁ ఆఁ. ఆ రెంచి ఇలా ఇవ్వు."

ఆమె ఆరో తరగతితో చదువు మానేసింది. ఆ ఏడాది టీచరమ్మ, అలెగ్జాండ్రియాలో నేల కింద సమాధుల మధ్య భోజనాల గది ఉందని, చచ్చిపోయినవాళ్ల దగ్గర కూర్చుని చుట్టాలు తినేవారని చెప్పింది. రతీబా నమ్మలేదు. తర్వాత పెళ్లి, ముగ్గురు పిల్లలు, ఇంట్లోనే కుట్టిన వేల దుప్పట్ల అంచులు. మహల్లాలో సంతకు వెళ్లినా పక్కన ఎవరో ఒకరు ఉండేవారు. అయినా లేచింది. రోడ్డు దాటి ట్రామ్ ఎక్కింది. టికెట్టు గుప్పిట్లో తడిసి ముద్దైంది. ఎక్కడ దిగాలో నలుగుర్ని అడిగింది. నలుగురూ నాలుగు దారులు చెప్పారు. ఒకసారి తప్పు సందులోకి వెళ్లి, తిరిగొచ్చి, చివరికి చేరింది.

మెలికల మెట్లు దిగుతుంటే చల్లగాలి తగిలింది. నిజంగానే గది ఉంది, మూడు వైపులా రాతి అరుగులతో.

"ఎంగిలి గిన్నెలు ఎవరు కడిగేవారు బాబూ?" అని కాపలాదారుని అడిగింది.

"కడిగేవారు కాదమ్మా. ఇంటికి తీసుకెళ్తే అరిష్టమని ఇక్కడే పగలగొట్టి పోయేవారట."

"అదృష్టవంతులు" అంది రతీబా. కాపలాదారు పగలబడి నవ్వాడు.

పైకొచ్చేసరికి పొద్దు వాలుతోంది. బయ్యూమీ తనకోసం వెతుకుతుంటాడని అప్పుడు తట్టింది.

పడవల దగ్గర బయ్యూమీ మోకాళ్ల దాకా తడిసి, చేతుల నిండా గ్రీజుతో అటూ ఇటూ పరుగెడుతున్నాడు.

"ఎక్కడికి చచ్చావే! నీళ్లలో పడిపోయావనుకున్నా!"

"చెప్పే వెళ్లాను. ఆఁ అన్నావు."

"నేను దేనికైనా ఆఁ అంటాను, ఇన్నేళ్లుగా తెలీదా నీకు?"

ఖమీస్ అందుకున్నాడు: "అక్కా, నీ మొగుడు నా పడవలన్నీ ఎత్తి చూశాడు. కిందేమైనా ఇరుక్కున్నావేమోనని."

ఆ సాయంత్రం వేయించిన చేపలు తింటూ ఆమె మెట్ల గురించి, అరుగుల గురించి చెప్పింది. బయ్యూమీ మోకాలు బల్ల కింద ఊగుతూనే ఉంది. అయినా మధ్యలో లేవలేదు. "పగిలిన ముక్కలు ఇంకా ఉన్నాయా?" అని రెండుసార్లు అడిగాడు కూడా.

మర్నాడు ఉదయం రోమన్ల నాటి నాటకశాలకు ఆమె వెంటే వచ్చాడు. ఒక మెట్టు మీద కూర్చున్నాడు, లేచాడు, ఇంకో మెట్టు మీద కూర్చున్నాడు, పాలరాయి అతుకులు గోటితో గీకి చూశాడు. పావుగంటకి రతీబాకే జాలేసింది.

"ఇంకో చక్రం చూడాలని ఖమీస్ రమ్మన్నాడుగా. వెళ్లు."

"మరి నువ్వో?"

"దారి నాకు తెలుసు. నాలుగింటికి పడవల దగ్గరికి వస్తాను."

"కచ్చితంగా నాలుగింటికేనా?"

"వెళ్లవయ్యా!"

అతను దాదాపు పరుగెత్తాడు. రతీబా చల్లటి రాతి మీద కాళ్లు చాపుకుని, సంచీలోంచి రొట్టె తీసింది. ఇంత ఖాళీగా ఎప్పుడూ కూర్చోలేదేమో, చేతులేం చేయాలో తోచలేదు. రొట్టె సగం తినేలోపు గేటు వైపు మూడుసార్లు చూసింది.

తర్వాత లేచి, అవతలి వైపు ఏముందో చూడటానికి బయలుదేరింది.