ఎస్నాతి కుట్టిన పట్టీలు

మలావీ సరస్సు ఒడ్డున, చర్చివారి ఆసుపత్రి గేటుకు ఎదురుగా ఒక కొట్టు వసారాలో కుట్టుమిషను వేసుకుని కూర్చునేది ఎస్నాతి. చేపల వేటకు పోయిన మొగుడు సరస్సులోనే కలిసిపోతే, ఆ మిషను మీదే ఆడపిల్లల్ని పెంచి పెద్ద చేసింది. నోరు గట్టిది, చెయ్యి మెత్తనిది అని ఊళ్ళో పేరు.

ఒకనాడు పసిపిల్లల వార్డు నర్సు తమండాని వచ్చింది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల పాదానికి వైరు కట్టి, ఊపిరి ఎలా ఆడుతోందో మానిటర్‌లో చూస్తారు. వైరును అంటించిన టేపు తీస్తే చర్మం కూడా ఊడి వస్తోందట.

"మెత్తగా ఏదైనా కుట్టిపెట్టు పెద్దమ్మా. ఆ పాదాలు చూడలేకపోతున్నాను."

ఆడవాళ్ళు నడుముకు చుట్టుకునే చితెంజె గుడ్డ ముక్కలు ఏరి, లోపల స్పాంజి పెట్టి, రంగురంగుల పట్టీలు కుట్టిచ్చింది ఎస్నాతి. "మా దొరబాబుకి కాలి పట్టీ పెట్టిందెవరే!" అని తల్లులు మురిసిపోయారు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమె మిషను ఇంకాస్త జోరుగా తిరిగేది.

వానలు మొదలయ్యాక వార్డులో జ్వరాలు పట్టుకున్నాయి. ఎండుచేపలమ్మే అలేఫా కొడుకు బరువు పెరిగి, రేపో మాపో ఇంటికి వెళ్తాడనగా వాడి ఒళ్ళు జ్వరంతో కాలిపోయింది. మందులేవీ పనిచెయ్యలేదు. పిల్లవాడు దక్కలేదు.

కొన్నాళ్ళకు తమండాని వచ్చింది. ఎస్నాతి స్టూలు జరిపినా కూర్చోలేదు.

"పిల్లల రక్తంలో దొరికిన క్రిమే నీ పట్టీల స్పాంజిలోనూ దొరికింది పెద్దమ్మా. మేం పైపైన తుడిచి ఇంకో బిడ్డకి కట్టేవాళ్ళం. తడి లోపలే ఉండిపోయింది."

ఎస్నాతి మిషను ఆపేసింది. "అయితే నా చేత్తో కుట్టిందే చంపిందా?"

"కుట్టింది నువ్వు. ఒక కాలి నుంచి ఇంకో కాలికి మార్చింది మేము. ఎవరితోనూ అనకు."

ఆమెకు అన్నం సయించలేదు. మొక్కజొన్న పిండి మూట నెత్తిన పెట్టుకుని అలేఫా ఇంటికి పరామర్శకు వెళ్ళింది. చాప మీద కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పేసింది.

అలేఫా రెప్ప వాల్చకుండా చూసింది. "దేవుడు తీసుకుపోయాడన్నారే ఆసుపత్రివాళ్ళు?"

"నాకు తెలిసింది చెప్పానే తల్లీ."

"నీకు ముందే తెలుసా?"

"ఒట్టు, తెలీదు."

"సరే, ఇక వెళ్ళు." పిండి మూట అక్కడే ఉండిపోయింది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

అలేఫా ఊరి పెద్దల్ని వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళింది. డాక్టరు అందరి ముందూ తప్పు ఒప్పుకోక తప్పలేదు. తమండాని వసారాకొచ్చి విరుచుకుపడింది.

"నోరు మూసుకోలేకపోయావా? ఇప్పుడు తల్లులు బిడ్డల్ని వార్డులో పెట్టడానికే భయపడుతున్నారు!"

"భయపడనీ. వాళ్ళ బిడ్డల సంగతి వాళ్ళకి తెలియాలి," అంది ఎస్నాతి.

తరువాత ఆ నర్సే మళ్ళీ వచ్చి, స్పాంజి లేని పట్టీలు కావాలంది. ఒక బిడ్డకు కట్టింది ఇంకో బిడ్డకు కట్టరట, కొత్తదైనా మరిగించకుండా వాడరట. ఎస్నాతి వెంటనే ఒప్పుకోలేదు. ఒప్పుకున్నాక కూడా, గుడ్డ మీద సూది దించేముందు చెయ్యి ఆగేది. ఒంటిపొర తెల్లగుడ్డే వాడింది, మురికి పడితే కనబడాలని.

జ్వరాలు తగ్గాయి, పూర్తిగా పోలేదు. అలేఫా మాత్రం చేపల బుట్టతో ఆ వీధిన వచ్చినప్పుడల్లా అవతలి పక్కనుంచి నడిచిపోతుంది. ఎస్నాతి పలకరిస్తూనే ఉంటుంది.