నాలుగో క్యారవాన్‌కు కరెంటు

చలికాలం వచ్చిందంటే సఖీర్ ఎడారిలో సగం బహ్రెయిన్ కాపురం పెడుతుంది. గుడారాలు, వాటి పక్కన చక్రాల మీద నిలబడ్డ ఇళ్లు. అద్దెకిచ్చే ఆరు క్యారవాన్లకు ఒకే జనరేటర్ నుంచి కరెంటు కలిపే పని లింగన్నది. జగిత్యాల పక్క ఊరి మనిషి, పదకొండేళ్లుగా ఇక్కడే. ఒక్కో బండికి పదహారు ఆంపియర్ల తీగ. అంతకు మించి లాగితే పెట్టెలో బ్రేకర్ పడిపోతుంది. పడాలి కూడా. అది ఉన్నదే అందుకు.

నాలుగో బండివాళ్లకు ఆ సంగతి పట్టదు. రెండు హీటర్లు, మైక్రోవేవ్, కెటిల్, జుట్టు ఆరబెట్టే మిషన్ అన్నీ ఒకేసారి నడవాలి. గురువారం సాయంత్రం అయిదుసార్లు బ్రేకర్ పడింది. అయిదుసార్లూ లింగన్న వెళ్లి ఒక హీటర్ ఆపమని బతిమాలాడు. ఆరోసారికి సూపర్‌వైజర్ భీమరాజు కారేసుకుని వచ్చాడు. అమలాపురం వైపు మనిషి, ఈసా టౌన్‌లో కుటుంబంతో ఉంటాడు. లింగన్న వీసా మళ్లీ కొట్టించాలా వద్దా అన్నది అతని మాట మీదే.

"ఏవయ్యా లింగన్నా, కస్టమర్లకి పాఠాలు చెబుతున్నావంట? ఆ బ్రేకర్ తప్పించి డైరెక్ట్‌గా ఇచ్చెయ్. ఖలాస్."

"నాతోని కాదు సార్. తీగ సన్నది. కార్పెట్ కిందికెల్లి పోయింది. పిల్లగాండ్లు ఆడ్నే పంటరు."

"మూడ్రోజులే కదయ్యా!"

"అంటుకునేతందుకు మూడు దినాలు అక్కర్లేదు సార్."

భీమరాజు కూలీల రేకుల గదికి వెళ్లే తీగ వైపు వేలు చూపాడు. "సరే, నీ మాటే నెగ్గనీ. ఆ లైను పీకి వీళ్లకి రెండో తీగగా ఇచ్చెయ్."

ఆ ఏర్పాటులో ప్రమాదం లేదు. గదిలోని ఎనిమిది మంది చలికి వణుకుతారంతే. మనుషులు వణుకుతారన్నది ఏ సైటులోనూ కారణం కింద చెల్లదు. లింగన్న తన చేత్తోనే ఆ తీగ పీకాడు.

శుక్రవారం పొద్దున గదిలో అందరూ బిగుసుకుపోయి లేచారు. కుక్కర్ లేదు, ఫోన్లు చచ్చిపోయాయి. లింగన్న ఊరివాడే అయిన మల్లేష్ దుప్పటి కప్పుకునే బయటికొచ్చాడు.

"అన్నా, ఆళ్ల పిల్లల్ని కాపాడినవ్, మంచిగైంది. మమ్ముల్నేమో ఫ్రిజ్జుల వెట్టినవ్."

"తీగ మాడితే ఎట్లరా?"

"మనూర్ల మోటరు డబ్బల ఎవడన్న ఫీజు తీగ ఏస్తుండెనా? గట్టి రాగితీగ సుట్టుడే. పంట ఎండిందా?"

"పంట ఎండలే. మనుషులు పోయిన్రు."

అప్పటికే అందరూ టీ పొయ్యి చుట్టూ చేరారు. ఆ మాట ఎవరూ వినలేదు.

మధ్యాహ్నం లింగన్న నీళ్ల ట్యాంకర్ దగ్గర ఉన్నప్పుడు మల్లేష్ పెట్టె తెరిచాడు. నాలుగో బండి బ్రేకర్‌ను తప్పించి రాగితీగ ముక్క బిగించాడు. రెండో తీగ తీసి గదికి తిరిగి కలిపాడు. లింగన్న వచ్చేసరికి గదిలో అన్నం ఉడుకుతోంది, నవ్వులు వినిపిస్తున్నాయి, బండ్లలో పాటలు మోగుతున్నాయి. మళ్లీ వచ్చిన భీమరాజు మల్లేష్ భుజం తడుతున్నాడు.

"చూశావా లింగన్నా, పనంటే ఇదీ!"

లింగన్న వెళ్లి నాలుగో బండి కింద తీగ పట్టుకున్నాడు. చెయ్యి చురుక్కుమంది. పై తొడుగు వేలికింద మెత్తగా లోపలికి పోయింది. గబగబా వచ్చి మెయిన్ దించి, రాగి ముక్క పీకి ఇసుకలోకి విసిరేశాడు.

పాటలు ఆగిపోయాయి. ఆరు బండ్ల తలుపులూ తెరుచుకున్నాయి. రేకుల గదిలోంచి అందరూ బయటికొచ్చారు.

"తీగ పట్టుకోని సూడున్రి! ఒక్కరన్న పట్టుకోని సూడున్రి!"

ఎవరూ కదలలేదు.

"వ్యాను ఎక్కు," అన్నాడు భీమరాజు, కూలీల్ని తెచ్చే కంపెనీ వ్యాను వైపు చూపిస్తూ. "నీ సామాన్ రేపు పంపిస్తా. వీసా సంగతి మర్చిపో."

లింగన్న మల్లేష్ వైపు తిరిగాడు. "తమ్మీ, నువ్వన్న చెప్పురా."

"నీకేందన్నా, ఇంటికి పోతవ్. మేం ఈడ పండాలె."

రేపు నిప్పంటుకుంటే కూలీ చేసిన తప్పని రిపోర్టు రాస్తారు. తీగ సన్నదని, మరో తీగ కొనలేదని ఎవరూ రాయరు.

లింగన్న వ్యాను ఎక్కాడు. నాలుగో బండి ఆవిడ తలుపులో నిలబడి యల్లా, యల్లా అని తొందరపెడుతోంది. మల్లేష్ మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో ఇసుక జల్లిస్తూ ఆ రాగి ముక్క కోసం వెతుకుతున్నాడు.