ముందుకు రాని జంట

మా ఎమ్మిగనూరు క్రైస్తవ సంఘంలో ప్రతినెలా మొదటి ఆదివారం, ఆ నెలలో పెండ్లిరోజు ఉన్న దంపతులను ముందుకు పిలిచి ప్రార్థన చేస్తారు. ఆదోని పత్తి మిల్లుకు బస్సులో పోయివచ్చే ఇద్దరు స్త్రీలు మాత్రం లేచేవారు కాదు. వాళ్లు ఒకరినొకరు జీవితానికి తోడుగా ఎంచుకుని ఏళ్లుగా కాపురముంటున్నారు. చిన్నామెకు ఆపరేషన్ అయినప్పుడు, "నువ్వేమైతావు?" అని ఆసుపత్రిలో పెద్దామెను గుమ్మం దగ్గరే ఆపేశారు. ఆ తర్వాతే, చట్టప్రకారం పెండ్లి చేసుకునే హక్కు కోసం కోర్టుకెక్కిన వాళ్లతో వీళ్లూ చేరారు.

ఒక ఆదివారం నేనే పిలిచాను. "మీరూ రాండమ్మా, నేను పక్కన నిలబడతా."

"వద్దులే అక్కా," అంది పెద్దామె. "సట్టం ఒప్పుకున్నాకే వస్తాం. లేని పెండ్లిని ఉందని సెప్పి దేవుని ముందర ఎట్ల నిలబడేది?"

"ఈమె జడ్జీ కంటే గట్టిది," చిన్నామె నవ్వింది. "నేనైతే పెండ్లికి సీర కూడా తీసి పెట్టినా."

వెనక చాప మీద కూర్చున్న ముసలమ్మ మూతి తిప్పింది.

చిన్నప్పటి నుంచి వాక్యం వింటున్నదాన్ని. దేవుని ముందు అబద్ధానికి ఇంతగా భయపడేవాళ్లను ఎక్కువమందిని చూడలేదు.

కోర్టు ఆ హక్కు ఇవ్వలేదు. తర్వాతి ఆదివారం ప్రార్థన మనవులు చెప్పే వేళ పెద్దామె లేచింది. "కోర్టు కాదనింది. మళ్లా అడుగుతాం. మా కోసం ప్రార్థన సేయండి."

వెనక చాప మీది నుంచి ముసలమ్మే అంది: "అడుగు తల్లీ. ఆయమ్మి సీర పురుగులు కొట్టకముందే ఇయ్యమని సెప్పు."

మందిరమంతా నవ్వింది. ఆ నవ్వు ఆగకముందే నేను ప్రార్థన మొదలుపెట్టాను. ముగించినప్పుడు అందరికంటే గట్టిగా ముసలమ్మే ఆమేన్ అంది.