కాజాల వరహాలమ్మ

రాయ్‌పూర్ శంకర్ నగర్‌లో రామమూర్తి మాస్టరు కుట్టే కోట్లకీ, షేర్వానీలకీ, ఖరీదైన చొక్కాలకీ కాజాలు వేసేది వరహాలమ్మ. మాస్టరు గుడ్డ కత్తిరించేవాడు, మిషను మీద కుట్టేవాడు, కాలరు నిలబెట్టేవాడు. గుండీలు పట్టే కాజాల దగ్గరకు వచ్చేసరికి ఆగిపోయేవాడు. ఆ గుడ్డను పాత దుప్పటి ముక్కలో చుట్టి రైల్వే వర్క్‌షాపు కాలనీలో ఆమె క్వార్టరుకు పంపేవాడు. మర్నాడు ఆమే తీసుకొచ్చి ఇచ్చేది.

ఆమెది శ్రీకాకుళం వైపు. పెళ్ళయ్యాక నూకరాజుతో ఇక్కడికి వచ్చింది. నూకరాజు వర్క్‌షాపులో వ్యాగన్ల కింద పడుకుని పనిచేసే ఖలాసీ. కూతురు చాందిని బడికి వెళ్ళడం మొదలుపెట్టాక, పగళ్ళు ఖాళీగా ఉంటున్నాయని మాస్టరు దగ్గర కాజాలు నేర్చుకుంది. అది 2003. రెండు నెలల్లో మాస్టరును మించిపోయింది. ఆ మాట మాస్టరే నలుగురిలో చెప్పేవాడు.

చేత్తో వేసే కాజాకు ఒక వరస ఉంది. సుద్దతో గీత గీసి, చుట్టూ సన్నగా కుట్టి, ఆ తర్వాతే మధ్యలో కోయాలి. కోసిన అంచు వెంట లావు దారం ఒకటి పరిచి, మైనం పట్టించిన దారంతో దాన్ని కప్పుతూ కుట్టుకుంటూ పోవాలి. ప్రతి కుట్టుకూ చిన్న ముడి పడుతుంది. ముళ్ళన్నీ అంచు మీద పక్కపక్కనే కూర్చోవాలి. ఒకటి పైకి, ఒకటి కిందికి పోతే గుండీ దూర్చినప్పుడల్లా అక్కడే దారం అరిగిపోతుంది. చివర్లలో అడ్డంగా గట్టి కుట్టు వేస్తే చొక్కా చిరిగినా కాజా చిరగదు.

ఇదంతా వరహాలమ్మ దాదాపు చూడకుండానే కుట్టేది. గుడ్డ కింద ఎడమచేతి చూపుడువేలు ఉండేది. సూది మొన ఎక్కడ తేలబోతోందో ఆ వేలికి తెలిసేది. ముడి సరిగ్గా కూర్చుందో లేదో బొటనవేలు చెప్పేది. కళ్ళు టీవీ మీదో, చాందిని హోంవర్కు మీదో ఉండేవి. గంటకు ఎనిమిది, తొమ్మిది కాజాలు అయిపోయేవి.

2008 చలికాలం, పెళ్ళిళ్ళ రోజులు. మీగడ రంగు పట్టు షేర్వానీ ఒళ్ళో పెట్టుకుని కుడుతోంది. చాందిని పక్కన కూర్చుని లెక్కలు చేసుకుంటోంది.

"అమ్మా, రక్తం," అంది చాందిని.

వరహాలమ్మ గుడ్డ తిప్పి చూసింది. లోపలి పట్టీ మీద మూడు చుక్కలు, ఒకటి తడిగా ఉంది. చూపుడువేలి కొన మీద నాలుగైదు సూదిపోట్లు ఉన్నాయి. నొప్పి లేదు. వేలిని నోట్లో పెట్టుకుని, చన్నీళ్ళతో మరక కడిగి, ఆరేసి, మళ్ళీ కుట్టడానికి కూర్చుంది.

"నొప్పెట్టలేదేటి?"

"చలికి మొద్దుబారిపోనాదేమోలే. నువ్వు లెక్క సెయ్యి."

చలికాలం పోయింది. వేలు మాత్రం అలాగే ఉండిపోయింది. మార్చిలో ఒకనాడు పొయ్యి మీది పాలగిన్నె ఎడమచేత్తో దించి గట్టు మీద పెట్టింది. గుడ్డ పట్టుకోవడం మరిచిపోయిందని, అరచేయి నుంచి వాసన వచ్చాకే తెలిసింది. తెల్లటి బొబ్బ లేచింది. దానికి వెన్న రాసి ఊరుకుంది. ఆ కాలనీలో ఇంటింటికీ తిరిగే మితానిన్, అంటే సర్కారు తరఫున మందూ మాకూ చెప్పే పేటావిడ, సుక్వారా బాయి ఆ బొబ్బ చూసింది. చేయి పట్టుకుని మోచేతి దాకా తిప్పింది. ముంజేతి మీద రూపాయి బిళ్ళ కంటే కొంచెం పెద్దది, పాలిపోయిన మచ్చ ఉంది.

"ఇది ఎప్పటినుంచి దీదీ?" అని హిందీలో అడిగింది.

"ఏమో. చూసుకోలేదు."

సుక్వారా బాయి సంచిలోంచి పెన్ను తీసింది. "కళ్ళు మూసుకో. నేను ఎక్కడ ముట్టుకుంటే అక్కడ వేలు పెట్టి చూపించు."

వరహాలమ్మ కళ్ళు మూసుకుని కూర్చుంది. కొంచెంసేపు ఆగి, "కానియ్యి మరి. ముట్టుకోవేం?" అంది.

"నాలుగుసార్లు ముట్టుకున్నాను," అంది సుక్వారా బాయి.

వారం లోపల పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టరు ఆమె మోచేతి లోపలి వైపు వేలితో నొక్కి, తాడులా లావెక్కిన నరాన్ని అటూ ఇటూ జరిపి చూశాడు. మణికట్టు దగ్గర నొక్కాడు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి కాగితం పట్టుకోమన్నాడు. తర్వాత కుర్చీలో వెనక్కు వాలి చెప్పాడు. కుష్ఠు. మందు ఉంది, ఉచితం, ఏడాది పాటు మానకుండా మింగాలి. మొదటి మోతాదు పడ్డాక ఇంకొకరికి అంటదు. ఇంట్లో అందరితో కలిసి తినొచ్చు, పడుకోవచ్చు.

"చెయ్యి సంగతేంటి సాబ్? కాజాలు కుడతాను నేను."

"స్పర్శ పోయి ఎన్నాళ్ళయింది?"

"తెలీదు సాబ్. ఏడాదో, రెండేళ్ళో."

"మొదట్లో వచ్చి ఉంటే కాపాడేవాళ్ళం. రోగం తగ్గిపోతుంది. స్పర్శ తిరిగి రాకపోవచ్చు. చేతులను రోజూ చూసుకో. నీకు నొప్పి తెలియదు కాబట్టి కళ్ళతోనే చూసుకోవాలి."

ఆమె తల ఊపింది. మాత్రల అట్ట కొంగున ముడేసుకుని ఆటో ఎక్కింది. సుక్వారా బాయి పక్కనే కూర్చుని ఏదో ధైర్యం చెబుతూ వచ్చింది. వరహాలమ్మ మాత్రం పొద్దున పప్పు నానబెట్టిందా లేదా అని ఆలోచిస్తూ కూర్చుంది. ఏడవాలేమో అని ఒకసారి అనిపించింది. అనిపించి పోయింది.

సాయంత్రం నూకరాజుకు చెప్పింది. అతను బూట్లు విప్పుతున్నవాడు ఒక బూటుతో అలాగే ఉండిపోయాడు.

"డాక్టరు అంటదని సెప్పినాడా?"

"సెప్పినాడు."

"పక్కా?"

"మందు ఏసీసినాను. ఇంక అంటదంట."

అతను రెండో బూటు విప్పాడు. ఆ వారమంతా మంచం వరండాలో వేసుకుని పడుకున్నాడు. లోపల ఉక్కగా ఉందన్నాడు. ఉక్క నిజమే, ఎండలు ముదురుతున్నాయి. మరుసటి వారం మంచం మళ్ళీ లోపలికి వచ్చింది. చాందిని మాత్రం మొదటి రోజు నుంచీ తల్లి పక్కనే పడుకుంది.

మాస్టరుకు వరహాలమ్మే వెళ్ళి చెప్పింది. దాచొచ్చనే ఆలోచనే ఆమెకు తట్టలేదు. రామమూర్తి టేపును మెడ మీద సర్దుకున్నాడు.

"ఇంకెవరికైనా చెప్పావా అమ్మా?"

"లేదు మాస్టరుగారూ."

"చెప్పకు. నువ్వు దుకాణానికి రావద్దు, సరుకు నేనే ఇంటికి పంపిస్తాను. ఠీక్?"

"ఠీకే."

సరుకు రాలేదు. రెండు నెలల తర్వాత శంకర్ నగర్ వైపు పని పడి వెళ్ళి దుకాణం లోపలికి తొంగిచూసింది. మూలన కాజాలు కుట్టే కొత్త మిషను ఉంది. మాస్టరు ఆమెను చూసి లేచి నిలబడ్డాడు.

"కస్టమర్లమ్మా. ఎవరి నోటైనా పడితే..." అని ఆగిపోయాడు.

"అవును మాస్టరుగారూ," అంది ఆమె. బల్ల మీద ఒక చొక్కా ఉంది. దాని కాజాలు చూసింది. మిషను కుట్టంతా ముందే వేసి చివర్లో కోస్తుంది, కోసిన అంచును దారంతో కప్పదు. అందుకే కోసిన చోట గుడ్డ పోగులు మీసాల్లా బయటికి వచ్చి ఉన్నాయి. అవి చూసి, వస్తానని చెప్పి బయటికి వచ్చేసింది. కోపం రాలేదు. ఇంటికొచ్చాక కూడా రాలేదు.

ఆ ఏడాది ఆమె ఏమీ కుట్టలేదు. నెలకొకసారి ఆసుపత్రికి వెళ్ళి, అక్కడ మనిషి ఎదుట ఆ నెల మొదటి మాత్రలు మింగి, కొత్త అట్ట తెచ్చుకునేది. మందులకు ఒళ్ళు నల్లబడింది. పక్క క్వార్టరువాళ్ళు ఎండదెబ్బా అని అడిగితే ఎండదెబ్బే అంది. వంట చేసేది, బట్టలు ఉతికేది, మధ్యాహ్నాలు గుమ్మంలో కూర్చుని వర్క్‌షాపు సైరను వినేది. రోజూ స్నానం అయ్యాక చేతులు రెండూ తిప్పి తిప్పి చూసుకునేది. ఎవరివో చేతులు చూస్తున్నట్టే ఉండేది. 2010 వేసవిలో డాక్టరు కార్డు మీద ముద్ర వేసి ఇక మందు అక్కర్లేదన్నాడు. ఆ రోజూ పప్పే వండింది.

మళ్ళీ సూది పట్టడానికి పెద్ద కారణమేమీ లేదు. నూకరాజు డ్యూటీ చొక్కాకు ఒక కాజా చిరిగింది. గుమ్మంలో వెలుతురులో కూర్చుని విప్పి కుట్టబోయింది. గుడ్డ కింద వేలు ఉందో లేదో తెలియలేదు. గుడ్డ ఎత్తి చూసుకుంది. సూది దించింది, ఎత్తి చూసింది. ముడి లాగింది, వంగి చూసింది. ఒక్క కాజాకు ముప్పావుగంట పట్టింది. ముళ్ళు వంకరగా పడ్డాయి. విప్పేసి మళ్ళీ కుట్టింది. వేలికి ఎన్ని పోట్లు పడ్డాయో లెక్కపెట్టుకుని పసుపు రాసింది.

రెండు రోజులు నూకరాజు ఆమె కుట్టడం చూశాడు. మూడో రోజు డ్యూటీ నుంచి వస్తూ పారేసిన సీటు మీది రెక్సిన్ ముక్క ఒకటి తెచ్చాడు. ఆమె వేలు కొలిచి, ముక్క కోసి, గొట్టంలా చుట్టి, జిగురు పెట్టి, రాత్రంతా ఇటుక కింద అదిమి ఉంచాడు.

"తొడుక్కో. సూది దిగదు," అన్నాడు.

ఆమె తొడుక్కుంది. సరిపోయింది. "ఒదులుగా లేదుకదా?" అని అతను అడిగాడు. వదులో బిగువో ఆమెకు తెలియలేదు. వేలు పైకెత్తి, కిందికి దించి చూసింది. జారిపడలేదు.

"నేదు," అంది.

అప్పటినుంచి రోజూ పాత గుడ్డల మీద కుట్టింది. వేలు చెప్పేదంతా కళ్ళతో తెలుసుకోవడానికి ఏడాది దాటింది. ముడి మీద వెలుగు ఎలా పడుతుందో చూసి అది వదులుగా ఉందో బిగుసుకుందో పట్టేది. గంటకు మూడు కాజాలు అయ్యేవి. అంతకంటే ఎప్పుడూ పెరగలేదు. ఆ మూడూ మునుపటిలాగే ఉండేవి.

2012లో రామమూర్తి మాస్టరు క్వార్టరుకు వచ్చాడు. చేతిలో నల్ల కోటు ఉంది. కుట్టించుకున్నాయన మిషను కాజాలు వద్దని వెనక్కి ఇచ్చేశాడట.

"నిన్ను అడిగే ముఖం లేదు నాకు," అన్నాడు.

"అక్కడ పెట్టండి మాస్టరుగారూ. ఎల్లుండికి ఇస్తాను."

టీ ఇచ్చింది. అతను సగం తాగి గ్లాసు కింద పెట్టాడు. మిగతా సగం ఎందుకు వదిలేశాడో ఆమె ఆలోచించలేదు. మిషను కుట్టు విప్పి, పోగులు కత్తిరించి, ఆ నాలుగు కాజాలూ కొత్తగా వేసింది. ఆ తర్వాత నెలకు రెండు మూడు కోట్లు వచ్చేవి. మూడేళ్ళు అలా సాగింది. జనం రెడీమేడ్లకు పోయారు, మాస్టరు కళ్ళకు శుక్లాలు వచ్చాయి, దుకాణం మూతపడింది.

చాందినికి తిల్దాలో రైసుమిల్లు గుమాస్తాతో పెళ్ళయింది. అమ్మ ఇంట్లో ఊరికే కూర్చుంటోందని, బీర్‌గావ్‌లో బడి యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో మనుషులు కావాలని విని ఫోను చేసి చెప్పింది. వరహాలమ్మ వెళ్ళింది. అక్కడి సూపర్‌వైజరు వివేక్ విజయనగరం అబ్బాయి. వరసగా మిషన్లు మోగుతున్నాయి. అతను యాభై చొక్కాల కట్ట ఆమె ముందు పెట్టి, కాజాలు చూసి పనికిరానివి పక్కన పెట్టమన్నాడు.

ఆమె కిటికీ దగ్గరకు జరిగి ఒక్కొక్కటే చూసింది. పదకొండు పక్కన పెట్టింది.

"ఇదేటి, బాగానే ఉందిగదా?" అని వివేక్ ఒకటి తీశాడు.

"చివర అడ్డకుట్టు పట్టలేదు బాబూ. నాగి చూడు."

లాగాడు. కాజా చివర నుంచి గుడ్డ బీటలా విచ్చుకుంది. అతను మిగతా పదీ లాగి చూశాడు. రెండు తప్ప అన్నీ తెగాయి.

"సెయ్యి పెట్టి తడమకుండా ఎలా తెలిసింది మీకు?"

"సెయ్యికి తెలీదు. రోగం వచ్చి పోయింది," అంది. ఏ రోగమో కూడా చెప్పింది. వివేక్ ఒక క్షణం ఆమె చేతుల వంక చూసి, సోమవారం తొమ్మిదింటికి రమ్మన్నాడు.

అది 2016. నూకరాజు రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి బీర్‌గావ్‌లోనే ఒక గది అద్దెకు తీసుకున్నారు. కరోనా అప్పుడు కార్ఖానా కొన్ని నెలలు మూతబడింది, మళ్ళీ తెరిచారు. ఆమె ఇప్పటికీ వెళుతోంది. రోజుకు నాలుగైదు వందల చొక్కాలు కళ్ళ ముందు నుంచి పోతాయి. ఎడమచేతి వేళ్ళు రెండు కొంచెం వంగిపోయాయి. మూడు నాలుగేళ్ళుగా అవి అలాగే ఉన్నాయి, ఇంకా వంగలేదు.

మొన్న శనివారం సాయంత్రం చాందిని ఫోను చేసింది.

"పని మానియ్యొచ్చు కదమ్మా. ఇంకా ఎన్నాళ్ళు? అక్కడ బాగుందా నీకు?"

వరహాలమ్మ ఫోను రెండో చెవికి మార్చుకుంది. పక్కన నూకరాజు రేడియో సరిచేసుకుంటున్నాడు.

"రేపు ఛుట్టీ," అంది. "పిల్లల్ని తీసుకుని రా. సేపలు తెప్పిస్తాను."